మొగ దగ్గరి బురద చదివిన ఆయన, మా చెరువు కట్ట

1962వ సంవత్సరం. పెనుకొండలో నేలకోతను అరికట్టే పనులు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను హెడ్‌గుమాస్తాను. మట్టి గురించి నాకున్న జ్ఞానం చెప్పులకు అంటినంతే. అయినా ఆ ఏడు నా నెత్తిన పడిన పని, మట్టి తెలిసిన శాస్త్రవేత్తను ఎక్కడున్నా వెతికి తీసుకురావడం.

క్యాచ్‌మెంట్ అని ఒక మాట ఉంది. ఒక చెరువులోకి ఎంత మేర నేల నుంచి వాననీళ్లు వచ్చి చేరతాయో ఆ నేలంతా దాని క్యాచ్‌మెంట్. మా వైపు కొండలు బోడివి. వాన పడటమే అరుదు, పడిందంటే కొండ మీది మట్టినంతా ఊడ్చుకొచ్చి చెరువులో పోస్తుంది. ఆ మట్టి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ ఆపాలో నిపుణుల చేత చూపించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ నిపుణుడో మాత్రం చెప్పలేదు. నేను ఊరూరి కాలేజీలకూ ఉత్తరాలు రాశాను. ఒకాయన రాళ్లయితే చూస్తానన్నాడు. ఒకాయన చెట్లయితే చూస్తానన్నాడు. ఇంకొకాయన చెరువు నిండాక పిలవమన్నాడు. అది నిండి అప్పటికి మూడేళ్లయింది.

చివరికి ఒప్పుకున్నది నెల్లూరు వైపు నుంచి ఒక ప్రొఫెసర్. ఆయన చదువంతా ఎస్టువరీల మీద. నది సముద్రంలో కలిసే చోటును, ఉప్పునీరూ మంచినీరూ కలగలిసే చోటును అలా అంటారట, అక్కడివాళ్లు మొగ అంటారు. ఆ సంగతి తెలిసి మా ఆఫీసంతా నవ్వింది. సముద్రం మొహం చూడని తాలూకాకు సముద్రపు పండితుణ్ణి తెస్తున్నానని మా ఆఫీసరు నన్ను నాలుగు తిట్టి, సెలవు పెట్టి పెళ్లికి వెళ్లిపోయాడు. నాకూ లోపల బెరుగ్గానే ఉంది. కానీ రానన్న వాళ్ల కంటే వస్తానన్న మనిషి నయం కదా.

ఆయన రావలసిన వారంలోనే వాన పట్టుకుంది. పెనుకొండకు కాస్త దూరంలో, మేము అధ్యయనానికి ఎంచుకున్న చెరువు నిండి మరవ పారింది. మరవ అంటే నిండిన చెరువు నుంచి మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి కట్టు. అది పారితే మా వైపు పండగే. ఊరి ఆడవాళ్లు చీర, పసుపు, కుంకుమ, గాజులు తెచ్చి గంగమ్మకు సారె పెట్టారు. ఆ మర్నాడే కట్ట అడుగున, ఊరి వైపు, కొత్త ఊట పుట్టింది. నీళ్లు బురదగా వస్తున్నాయి.

సమితి ఓవర్సీరు వచ్చి చూసి, మరవ పగలగొట్టి నీళ్లు వదిలెయ్యండని చెప్పి జీపెక్కాడు. పగలగొట్టనిచ్చేది లేదని ఊరివాళ్లు వెళ్లి మరవ పక్కన అడ్డంగా కూర్చున్నారు. వాళ్లలో ముందుంది లక్ష్మక్క. మొగుడు పోయిన మనిషి. కట్ట కిందనే ఇల్లు, ఇంటి పక్కనే బావినీళ్లతో నారు పోసి అప్పుడే నాట్లు వేసిన మడి, ఇంట్లో కాన్పుకు వచ్చిన కూతురు. ఆఫీసు తరఫున అక్కడ నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆమె నన్నే అడిగింది.

"ఏమప్పా, సారె పెట్టిన ఆడబిడ్డను ఇంట్లోంచి తరుముతామా? మూడేండ్లకు వచ్చినాయి నీళ్లు. ఇడిస్తే ఎండి సస్తాం, ఇడవకుంటే మునిగి సస్తాం. ఏది చేయాల్నో సదువుకున్నోళ్లు మీరే చెప్పండి."

కూతుర్ని బంధువుల ఇంటికైనా పంపమన్నాను. నెలలు నిండిన పిల్లను వానలో యాడికి పంపేదని అడిగింది. కట్ట తెగితే ముందు పోయేది ఆ ఇల్లే. ప్రొఫెసర్‌ను తీసుకురావడానికి ధర్మవరం వెళ్తూ దారి పొడుగునా ఆకాశం వైపే చూశాను.

పాకాల నుంచి వచ్చే బండి ఆలస్యం. స్టేషనులో పట్టుచీరల మూటలతో బెంగళూరుకు వెళ్లే నేతగాళ్లు వాన పడిందని సంతోషంగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ల సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండింది. బండి దిగిన ప్రొఫెసర్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో గాజుసీసాల పెట్టె. సంగతి చెప్పగానే కాఫీ కూడా తాగకుండా పదండన్నాడు.

ఆయన కట్ట ఎక్కలేదు. తిన్నగా ఊట దగ్గరికి వెళ్లి, గొంతుక్కూర్చుని, ఒక సీసాలో ఆ నీళ్లు పట్టాడు. ఇంకో సీసాలో చెరువు నీళ్లు తెప్పించాడు. రెండింటినీ రాతి మీద పెట్టి కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. ఊరంతా ఆయన చుట్టూ నిలబడింది. కట్ట తెగేలా ఉంటే సీసాలు చూస్తాడేమిటనుకున్నాను. చెరువు నీళ్ల సీసాలో మన్ను తేరుకోనే లేదు, పలచటి నల్లటి మడ్డిగానే ఉంది. ఊట సీసా అడుగున మాత్రం గరుకు ఇసుక పేరుకుంది.

"ఇది చెరువులో మట్టి కాదండి. కట్ట మట్టి కూడా కాదు. కట్ట కింద ఇసుక పొర ఏదో ఉంది, నీళ్లు దాన్ని మోసుకొస్తున్నాయి" అన్నాడు. తర్వాత ఊరివాళ్ల వైపు తిరిగి, మొన్న వేసవిలో చెరువులో ఒండ్రు తీశారా, తీస్తే ఎక్కడ తీశారని అడిగాడు.

మా వైపు వేసవిలో ఎండిన చెరువులో ఒండ్రు తవ్వి పొలాలకు తోలుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే, ప్రభుత్వం కూడా తవ్వుకోమనే చెబుతుంది. చివరికి లక్ష్మక్కే చెప్పింది. కట్టను ఆనుకునే తవ్వామని. బండ్లు దిగడానికి అక్కడే వాటంగా ఉంటుంది, ఎద్దులకు శ్రమ తక్కువ.

ప్రొఫెసర్ తల పంకించాడు. తను చదివిన మొగ దగ్గర మెత్తటి బురద ఎక్కడ పేరుకుంటే అక్కడ ఇసుకలోకి ఉప్పునీరు దిగదట, బురదే మూత. ఇక్కడా చెరువు తనకు తానే వేసుకున్న మూతను కట్ట మొదట్లో మనుషులు తీసేశారు. ఇలా నీళ్లు కింద సొరంగం తొలుచుకోవడాన్ని పైపింగ్ అంటారని నాకు చెప్పాడు. మరి ఏం చేద్దాం సార్ అన్నాను.

"అది నాకు తెలియదండి. నాకు తెలిసింది బురద. కట్టల సంగతి కట్టలు కట్టినవాడే చెప్పాలి. ఈ చుట్టుపక్కల అలాంటి మనిషి ఉన్నాడా?"

ఉన్నాడు. హిందూపురంలో ఉన్నాడు. మైసూరు సర్కారులో చెరువులు కట్టి, రిటైరై వచ్చిన ఇంజనీరు. మా ఆఫీసు పనుల మీద అర్జీల మీద అర్జీలు పెడుతుండేవాడు కనుక ఆయన పేరెత్తితేనే మా ఆఫీసరుకు కోపం. అందుకే ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసిన మేము పక్క ఊరి ఆయనను అడగలేదు. ఆఫీసరు తిరిగొచ్చాక నా ఉద్యోగం ఏమవుతుందో అనుకుంటూనే హిందూపురం వెళ్లాను.

ఆయన వసారాలో వక్కలు కత్తిరిస్తున్నాడు. "ఇంగ కట్ట తెగే పొద్దుకు గుర్తొచ్చినానా మీకు?" అన్నాడు. నేను దండం పెట్టాను. ఊటలో ఇసుక వస్తోందని చెప్పగానే అడకత్తెర కింద పెట్టి కోటు అడిగాడు.

వస్తూనే మరవ మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. తూము తీసి చెరువును సగానికి దించమన్నాడు. సారె పెట్టిన నీళ్లు పూర్తిగా పోవు, కట్ట మీద బరువు తగ్గుతుంది. ఊట నోటి మీద ముందు ఇసుక, దాని పైన కంకర, దాని పైన రాళ్లు పరిపించాడు. దాన్ని ఫిల్టర్ అంటారు. నీటిని పోనిచ్చి మట్టిని ఆపుతుంది. లోపలి వైపు, తవ్విన చోట, మళ్లీ మెత్తటి ఒండ్రు పొయ్యాలి. నీళ్లున్న చెరువులో తవ్వలేము. చెరువులో నుంచి తోలిన ఒండ్రంతా మళ్లలో పరిచి, దాని మీద నాట్లు వేసేశారు. తేవలసింది ఆ మళ్లలోంచే అన్నాడు.

ఆ మాటకు మగవాళ్లందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లక్ష్మక్క తన మడి గట్టు మీదికి నడిచింది.

"ఈ మన్ను నేను తోలుకున్నదే. తీసుకోండప్పా. నారు మళ్లా పోసుకుంటా, బిడ్డను మళ్లా కనలేను కదా."

అంతే, బండ్లు కట్టారు. పచ్చగా నిలబడ్డ నాట్లను ఆమె తన చేత్తోనే పీకింది. ఆమెను చూసి మరి ఇద్దరు ముగ్గురు తమ మళ్లు ఇచ్చారు. బండ్లు కట్ట మీదికెక్కి లోపలి వైపు మన్ను దింపుతుంటే, కింద ప్రొఫెసర్ గంటకోసారి ఊట నీళ్లు సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. ప్రతిసారీ నేను ఆయన మొహమే చూశాను. మరుసటి రోజు మధ్యాహ్నానికి సీసా అడుగున ఇసుక పడటం ఆగింది. ఊట పారుతూనే ఉంది, కానీ తేటగా పారుతోంది. తేట నీళ్లు వస్తే భయం లేదని ఇంజనీరు అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఏ నిపుణుడు వచ్చినా నేను మొదట అడిగేది, మీకు తెలియని విషయాలేమిటి సార్ అని. కొందరికి కోపం వచ్చేది. చెప్పినవాళ్లను మాత్రం వదలకుండా పట్టుకునేవాణ్ణి. ఆ ఆయకట్టు రైతులు ఆ ఏడు కళ్లాల్లో మడి పోగొట్టుకున్న లక్ష్మక్క వాటా ముందు తీసి, తర్వాతే తమ వడ్లు ఇళ్లకు తోలుకున్నారు.

క్యాచ్‌మెంట్ అధ్యయనం ముగించి, నెలన్నర తర్వాత ప్రొఫెసర్ బండెక్కే రోజు ఆమె మనవణ్ణి ఎత్తుకుని స్టేషనుకు వచ్చింది. ఈ మట్టి నీళ్లలో పడితే యాడిదాకా పోతాదని ఆయన్ను అడిగింది.

"పెన్నలో పడి మా ఊరి దాకా వస్తుందమ్మా. ముప్పయ్యేళ్లుగా మొగ దగ్గర నేను చదివింది మీ మట్టే" అన్నాడు ఆయన.

ఆమె మనవణ్ణి ఇంకో భుజానికి మార్చుకుంది. "ఇంగ పంపించంలే సామీ, ఏమనుకోవద్దు" అంది.