పెనం ముందు నిలబడాలని

తమిళనాడులోని ధర్మపురి బస్టాండులో బస్సు ఎంతకూ కదలలేదు. ఇంజన్ పక్క సీట్లో కూర్చొని ఒకే పేజీ నాలుగుసార్లు చదివినాను. పక్కనున్న నడివయసు ఆవిడ నా తెలుగు పుస్తకం చూసి మాట కలిపింది. పన్నెండేళ్లుగా ఒక హోటల్లో దోసెపిండి రుబ్బుతోందట.

"దోసెలు నేను పోస్తానంటే ఓనరు నవ్వినాడు పాపా. ఆడది మాస్టరా అన్నాడు. ఆ పొద్దునించి పిండిలో ఉప్పు మరిచిపోతా ఉండాను. చెయ్యి అదే, మనసే లేదు. నల్లంపల్లి హోటల్లో మాస్టరు కావాలంట. పోయి అడుగుతా."

"ఇస్తారా అక్కా?" అన్నాను మెల్లగా.

ఆమె ఇంజన్ మూత మీద నాలుగు నీటిచుక్కలు చల్లి చెవి ఒగ్గింది. "ఇంకా కాగలా," అంది.

"ఏమ్మా, దోసె పోస్తావా?" అని డ్రైవర్ అరిచినాడు.

"పోస్తా, తింటావా?"

చివరికి బస్సు బయల్దేరింది. నల్లంపల్లిలో ఆమె దిగి, అలవాటు కొద్దీ హోటల్ వెనక సందులోకి నడిచింది. సగంలో ఆగి, కొంగు దోపుకొని, తిరిగొచ్చి ముందు వాకిట్లోంచి లోపలికి పోయింది. అంతలో బస్సు కదిలింది.

ఇప్పటికీ అక్కడ బస్సు ఆగితే సీట్లోంచి లేచి ఆ హోటల్ పెనం వైపు చూస్తాను. దిగిపోయి అడిగే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.