వెనక నిలబడే మనిషి

మా బండికి వెనక అద్దం లేదు. కొన్నప్పుడు ఉండేది కానీ, అక్కడ బీరువా పెట్టించుకున్నాం. ఇద్దరి బట్టలు, బియ్యం డబ్బా, మందుల పెట్టె అన్నీ అందులోనే. అందుకని బండి వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడల్లా నేను కిందికి దిగేదాన్ని. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బండి ఒళ్ళు తడుతూ "రానీ... రానీ... రానీ... ఆప్" అనేదాన్ని. ఆరేళ్ళు అదే నా ఉద్యోగం. అంతకు ముందు ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను గానీ, అక్కడ నా మాట ఇంత ఠక్కున విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మా ఆయన తిరుమల కొండ బస్సు డ్రైవరు. సర్వీసంతా ఎక్కే దారి, దిగే దారి, ఆ రెండే. లోకమంతా తిరుపతికి వస్తుంటే తాను మాత్రం ఎక్కడికీ పోలేదని నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ నవ్వులో కడుపుమంట నాకు తెలుసు. రిటైరైన ఏడాదికి పన్నెండు సీట్ల పాత వ్యాను ఒకటి కొని, చిత్తూరులో ఒక షెడ్డులో సీట్లన్నీ పీకించి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించాడు. అద్దె ఇల్లు ఖాళీ చేశాం. మాకు పిల్లలు లేరు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. మా చెల్లెలు మాత్రం ఈ వయసులో జిప్సీల మాదిరి ఇదేం పిచ్చి అని నెత్తి కొట్టుకుంది.

ఆ ఆరేళ్ళ గురించి ఎక్కువ రాయను. రాస్తే ఏడుపు వస్తుంది, ఏడ్చి చేసేదీ లేదు. గ్లాసులు సాక్సుల్లో దోపి పెట్టేదాన్ని, దొర్లకుండా. ఒక బకెట్టుతో ఇద్దరం స్నానం చేసేవాళ్ళం. రెండున్నర అడుగుల మంచం మీద ఇద్దరం పడుకునేవాళ్ళం, ఒకరు పక్కకు తిరిగితే రెండోవాళ్ళూ తిరగాల్సిందే. రాజస్థాన్‌లో ఇసుకలో దిగబడినా, కొంకణంలో వానకు మూడు రోజులు ఒక పెట్రోలు బంకు వెనక ఇరుక్కున్నా, ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉండేది.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. బండి ఎక్కడ నిలిపినా మూతి రోడ్డు వైపే ఉండాలి. ఎంత అలసిపోయినా సరే, ఎంత ఇరుకు చోటైనా సరే, వెనక్కి నడిపి పెట్టాల్సిందే. ఎందుకయ్యా నీకీ చాదస్తం, పొద్దున్నే తిప్పుకోవచ్చు కదా అని నేను సణిగితే, మళ్ళీ పోవాల్సిన వాడు మూతి గోడకు పెట్టడని అనేవాడు. నేను గొణుక్కుంటూ దిగి వెనక నిలబడేదాన్ని.

చివరి ఏడాది ఆయన బండి నడపడం ఎంతో మెత్తబడింది. సడన్ బ్రేకు లేదు, కుదుపు లేదు. పొయ్యి మీద పాలు పెట్టినా తొణికేవి కావు. వయసుతో పాటు పనితనం కూడా పెరిగిందని నేను మురిసిపోయి పొగిడాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. పొగిడినప్పుడల్లా ఆయన రోడ్డు వైపే చూస్తూ గేరు మార్చేవాడు.

పోయినేడు రాకెట్టు చూద్దామని సూళ్లూరుపేట పోయాం. శ్రీహరికోట వైపు రోడ్డంతా జనం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన టీ తెస్తానని దూరంగా ఉన్న బంకు దాకా పోయాడు. అంతలోనే రాకెట్టు లేచింది. నేల అదిరింది, జనమంతా తలలెత్తి అరుస్తున్నారు. నేనూ ఎత్తినదాన్నే, మళ్ళీ ఆయన ఎక్కడున్నాడో అని కిందికి చూశాను. రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని, పైకి చూస్తూ, నవ్వుతూ వస్తున్నాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడి కాలికి లేదు. తారు రోడ్డు మీద ఆ వట్టి కాలు మామూలుగా పడుతోంది, లేస్తోంది.

నేను బండి మెట్టు మీద కూర్చోబెట్టి అరికాలు చూశాను. ఇంతింత బొబ్బలు.

"చెప్పు యాడ పడిపోయిందయ్యా?" అన్నాను.

ఆయన కాలి వైపు చూసుకున్నాడు. "ఉండాదనుకున్నా," అన్నాడు.

నా సర్వీసులో సుగరు రోగి ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న, కాలి చెప్పు జారిపోతే తెలుస్తోందా అని. కొన్ని వేలమందిని అడిగి ఉంటాను. రెండున్నర అడుగుల మంచం మీద నా పక్కనే పడుకునే మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన సుగరు మాత్రలు లెక్కగా ఇచ్చేదాన్ని, అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. నన్ను నేను ఎంత తిట్టుకున్నా ఆ తిట్లు నాకు చాలవు.

తిరుపతిలో మా చెల్లెలి ఇంట్లో ఉండి రెండు నెలలు కట్లు కట్టించాం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కుడి కాలిలో స్పర్శ పూర్తిగా పోయింది, ఎడమది సగం పోయింది, ఇక జన్మలో స్టీరింగు పట్టకూడదని చెప్పాడు. ఆ మాట ఆయనకు నేనే చెప్పుకుంటానన్నాను. చెప్పలేదు. మొండి రోగాలవాళ్ళకు ఎన్ని చావు కబుర్లు చల్లగా చెప్పానో, ఈ ఒక్కటీ నోట్లోంచి రాలేదు. పుండు ఆరేదాకా నడపొద్దంట అని మాత్రం చెప్పాను.

ఆయన పుండు ఆరేలోపు నేను ఏర్పేడు రోడ్డులో రిటైరైనవాళ్ళ కోసం కట్టిన ఒక కాలనీలో ఇల్లు మాట్లాడేశాను. నలభై చిన్న ఇళ్ళు, బాత్‌రూములో పట్టుకోవడానికి కమ్మీలు, మంచం పక్కన లాగితే గంట మోగే ఎర్ర తాడు, భోజనానికి అందరికీ ఒకటే హాలు. కాగితాల మీద సంతకాలన్నీ నేనే పెట్టాను. ఆయనకు మాత్రం గాలి బాగుంటుంది, ఒక నెల మకాం వేద్దామన్నాను. సరేనన్నాడు. అన్ని మకాములకూ అన్నట్టే సరేనన్నాడు.

అక్కడికి బండి ఆయనే నడిపాడు. వేరే డ్రైవరును పెడితే అనుమానం వస్తుందని నేను నోరు మూసుకున్నాను. తెలిసి తెలిసి ఒక నర్సు చేసిన పని అది. తెల్లవారి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బయలుదేరాం. ఆరేళ్ళలో మొదటిసారి నేను రోడ్డు చూడకుండా ఆయన కాళ్ళు చూస్తూ కూర్చున్నాను. కుడి కాలు దాదాపు బ్రేకు జోలికే పోలేదు. మలుపు ఇంకా దూరంగా ఉండగానే గేరు దించేవాడు, ఇంజను గుర్రుమనేది, బండి దానంతట అదే నెమ్మదించేది. కొండ దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకూడదు, గేరును నమ్ముకోవాలని కొత్త డ్రైవర్లకు ఆయన చెప్పే పాఠం అది. ఏడాదిగా ఆయన దేశమంతా కొండ దిగినట్టే దిగుతున్నాడన్నమాట. కాలికి బ్రేకు తగలడం లేదు కాబట్టి. నేను పొగిడిన మెత్తదనం అదీ.

కాలనీ గేటు లోపల మాకు ఒక మూల చోటు చూపించారు. ఆయన బండిని నేరుగా తీసుకుపోయి కాంపౌండు గోడకు మూతి పెట్టి ఆపాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు. నేను వెనక నిలబడాల్సిన పని పడలేదు. కాలు నొప్పో, అలసటో అనుకున్నాను. నిజానికి ఆ పూట నాకు దాని గురించి ఆలోచించే ఓపిక కూడా లేదు, ఎవరినీ గుద్దకుండా వచ్చామని దేవుడికి దండాలు పెట్టుకుంటున్నాను.

నెల అన్నది రెండయింది, రెండు నాలుగయ్యాయి. మొదట్లో బట్టలు బండిలోనే ఉంచాం, కావలసిన జత తెచ్చుకునేవాళ్ళం. ఆయన కొళాయి కింద కూడా ఒక బకెట్టు నీళ్ళే వాడేవాడు. పెద్ద డబుల్ కాట్ మీద ఇద్దరం ఒకే అంచున పడుకునేవాళ్ళం. తర్వాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేను, ఆయన తన అంచుకు పోయాడు, నేను నా అంచుకు వచ్చాను. చుట్టుపక్కల అందరూ మంచివాళ్ళే. రిటైరైన బ్యాంకువాళ్ళు, టీచర్లు. మొదట్లో మా ప్రయాణాల గురించి అడిగేవాళ్ళు, ఆయన చెప్పేవాడు. ఇసుక గురించి రెండోసారి చెప్పేటప్పటికే వాళ్ళు తమ మోకాళ్ళ గురించి మొదలుపెట్టేవాళ్ళు. ఆయన చెప్పడం మానేశాడు. హాల్లో గంట కొడితే పోవడం, తినడం, రావడం. వారానికొకసారి సంగటి పెడతారు, ఆ రోజు మాత్రం బాగుందనేవాడు.

రోజూ పొద్దున్నే బండెక్కి ఇంజను స్టార్టు చేసేవాడు. పది నిమిషాలు అలాగే కూర్చునేవాడు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, పక్క అద్దంలోకి చూస్తూ. బ్యాటరీ చచ్చిపోకుండా అనుకున్నాను. ఆ పొగ గురించి పక్కింటివాళ్ళు అడిగినా అదే చెప్పాను. నేను ఆ పది నిమిషాలూ లోపల కాఫీ పెట్టుకుంటూ ఉండేదాన్ని. బయటికి వస్తే ఎప్పుడు పోదామని అడుగుతాడేమోనని భయం. ఒకసారి కూడా అడగలేదు. అడగనందుకు లోలోపల సంతోషించాను కూడా, సిగ్గులేకుండా.

ఆరో నెలలో ఒక పొద్దున స్టార్టు చేయలేదు. మర్నాడూ లేదు. అమ్మయ్య, అలవాటు పడ్డాడు అనుకున్నాను.

ఎనిమిదో నెలలో కాలనీ మేనేజరు వచ్చి, అంబులెన్సు తిప్పుకోవడానికి ఆ మూల కావాలి, బండి తీసేయాలని మర్యాదగానే చెప్పాడు. ఇక తప్పలేదు. కాలేజీ క్యాంపసు దగ్గర టిఫిన్లు అమ్ముకునే ఒకామె బండి కోసం వెతుకుతోందని తెలిసి మాట్లాడాను. మర్నాడే వస్తామన్నారు. అప్పుడు గానీ ఆయన ముందు కూర్చోలేదు నేను. డాక్టరు మాట, సంతకాలు, ఇది మకాం కాదనే సంగతి, రేపు బండి పోతుందనే సంగతి, అన్నీ ఒక్క ఊపున చెప్పేశాను. వరండాలో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నాడు. కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను.

"ఇప్పుడా సెప్పేది," అన్నాడు.

నేను తల ఎత్తలేదు.

"వచ్చిన పొద్దే తెలుసు మే నాకు. బండి మూతి గోడకి పెట్టినా గదా, సూడలేదా నువ్వు?"

చూశాను. చూసినా నాకు అర్థం కాలేదు.

"కాలు సంగతి నీకంటే ఏడాది ముందే తెలుసు నాకు," అన్నాడు. "ఆ పొద్దు దోవంతా నా కాళ్ళే సూస్తాంటివి. సరే, దీనికి తెలిసిపోయింది, ఇంక ఇదే సెప్తాదిలే అనుకున్నా. మూతి గోడకి పెడితే, తీయల్లంటే నువ్వు ఎనక నిలబడల్ల. రోజూ పొద్దున స్టార్టు సేసి అద్దంలో సూస్తాంటి, వస్తావేమో అని."

ఆ కాలితో రోడ్డెక్కేవాడివా మళ్ళీ, ఎవరినైనా చంపేవాడివా అని అడిగాను. నా గొంతు నర్సు గొంతయింది. తప్పు నాదైనప్పుడు నాకు వచ్చే గొంతే అది.

"పోయేదానికి కాదు మే. నువ్వొచ్చి నిలబడి ఆప్ అంటే ఆపుదామని. ఆరేళ్ళు నువ్వు ఆప్ అంటే ఆపలేదా నేను?"

అంతే అన్నాడు. ఆ తర్వాత భోజనం గంట కొట్టారు, లేచి కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. ఆ రోజు సంగటి. బాగుందనలేదు.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ కాలితో ఆయన రోడ్డెక్కితే ఎవరి బిడ్డో చచ్చేది. అందుకే నాకు దిద్దుకునే దారి కూడా లేకుండా పోయింది. బండి ఆగిపోవాల్సిందే. కానీ ఆపింది నేను కాదు, గోడ. దాదాపు ఆరు నెలల పాటు రోజుకు పది నిమిషాలు ఒక మనిషి ఒక్క మాట కోసం అద్దంలోకి చూస్తూ కూర్చుంటే, నేను కాఫీ పొడి సరిపోయిందా లేదా చూసుకున్నాను. దీన్ని ఏ మాత్రతో తగ్గించాలో ముప్పై మూడేళ్ళ సర్వీసు నాకు నేర్పలేదు.

మర్నాడు పొద్దున ఆ టిఫినామె తన తమ్ముడిని వెంటబెట్టుకుని వచ్చింది. చచ్చిన బ్యాటరీ తీసేసి వాళ్ళు తెచ్చుకున్నది బిగించుకున్నారు. మా బట్టలు, గ్లాసులు ముందే దించేశాను. సాక్సులు మాత్రం గూట్లోనే ఉండిపోయాయి, తర్వాత చూసుకున్నాను. ఆ తమ్ముడు స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను వేసి, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఎనక అద్దం లేదుమా దీనికి. కొంచెం సూసి సెప్తారా?"

వరండాలో ఆయన కూర్చుని ఉన్నాడు. ఇటు చూడలేదు. రాకెట్టు రోజు కాలిన ఆ కాలు అరుగు మీద చెప్పు లేకుండా ఉంది, నేను తొడిగిన చెప్పు పక్కన పడి ఉంది.

నేను పోయి వెనక నిలబడ్డాను. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నాను. బండి ఒళ్ళు తట్టాను. ఆ మాట అనడం నా వల్ల కాదేమో, ఇంకెవరినైనా పిలవాల్సి వస్తుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ కాలేదు. "రానీ... రానీ... రానీ," అన్నాను, ఎప్పటిలాగే. పక్కింటి తులసి కోటకు జానెడు దూరంలో "ఆప్" అన్నాను. కాలనీ అంతా వినబడేటట్టు, గట్టిగా, స్పష్టంగా వచ్చింది ఆ మాట. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి ఠక్కున ఆపాడు.