ఖాజా కట్టని ముడి

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. పదేళ్లుగా గుండెల మీద బండలా కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో కల్వకుర్తిలో నాకు చిన్న మోటారు షెడ్డు ఉండేది. ఖాజా నాతో పనిచేసేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. పక్క ఊరి దొర ఒకనాడు తన పాత కారును ఎడ్లతో లాగించి తెచ్చాడు. నిజాం జమానాలో కొన్న బండి. ఇక రోడ్డెక్కదు, ఇంజను ఊడదీసి ఇస్తే బావి మీద బిగించి నీళ్లు తోడిస్తానన్నాడు.

ఖాజా ఇంజనుకు మోకు కట్టి, దూలానికున్న కప్పీకి ఎక్కించి, ఆఖరి బోల్టు విప్పడానికి కారు కిందికి దూరాడు. ఇంజను ఒక పక్కకు ఒరుగుతుందని నాకు అనుమానం వచ్చింది. ఖాజాను బయటికి పిలవాలి. పిలవలేదు. దొర ఎండలో నిలబడి విసుక్కుంటున్నాడు, ఆయనంటే నాకు వణుకు, అందుకని ఖాజా కట్టిన ముడి విప్పి, మోకు జరిపి, నేనే మళ్లీ కట్టాను. తొందరలో కట్టాను. అతనికి చెప్పలేదు.

బోల్టు ఊడింది. ముడి జారింది. ఇంజను అతని కుడిచేతి మీద పడింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఆ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. మెలకువ రాగానే నన్నే అడిగాడు.

"అన్నా, ముడి నేనే గట్టిన గదా. సక్కగ గట్టలేదా?"

దొర, పోలీసులు, ఖాజా తమ్ముళ్లు అందరూ కళ్లముందు కదిలారు.

"ఔ ఖాజా. జర వదులుండె."

"అయితె నా చెయ్యి నేనే పోగొట్టుకున్ననా!" అని గోడవైపు తిరిగాడు.

ఎందుకన్నాను ఆ మాట? నోరు మూసుకున్నా సరిపోయేది కదా? ఆ సాయంత్రమే మోకును పొయ్యిలో పెట్టి కాల్చేశాను.

ఖాజా మళ్లీ పానా పట్టలేదు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్ పెట్టాడు. చెయ్యి ఏమైందని ఎవరడిగినా, తప్పు తనదేనని చెప్తాడు. నన్ను చూస్తే పిలిచి ఎడమచేత్తో చాయ్ ఇస్తాడు. ఆ కప్పు అందుకునేటప్పుడల్లా, ఇతనికి తెలిసిపోయిందా, ఈరోజు అడుగుతాడా అని లోపల చచ్చిపోతుంటాను. అతను ఎప్పుడూ అడగలేదు. అదే ఎక్కువ భయం.

ఈ కాగితం అతనికి చదివి వినిపించగలనా? తెలియదు. క్షమించమనే మొహం నాకు లేదు. ముడి నేను కట్టాను. అబద్ధం నేనే ఆడాను. రాస్తుంటే ఒళ్లంతా చెమట పట్టింది. అయినా, పదేళ్ల తర్వాత, కాస్త ఊపిరి ఆడుతోంది.