మిషన్ల హోరు చాటున

బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమె పెదవులు మిషను నడిచినంతసేపూ కదులుతూనే ఉంటాయి. పక్క మిషను పిల్ల మీద సూపర్‌వైజరు చెయ్యేస్తే ఒకసారి అడ్డుపడింది. అప్పటినుంచి అతను రోజూ ఈమె కుట్టిన కాలర్లు ఊడదీసి మొహాన కొడుతున్నాడు. అతన్ని పల్లెత్తు మాట అనదు. నలభై మిషన్ల హోరు చాటున దేవుడితో మాత్రం గొంతెత్తి మొరపెట్టుకుంటుంది. నిన్న ఉన్నట్టుండి కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి గానీ, ఆమె గొంతు ఆగలేదు.

"వీడు నన్ను బతకనిచ్చేలా లేడు తండ్రీ, నువ్వైనా అడ్డుపడు!"

వెనకే నిలబడ్డ సూపర్‌వైజరు నవ్వాడు. "ఏడీ? ఇంకోసారి పిలవమ్మా, వస్తాడేమో చూద్దాం."

ఎవరూ తలెత్తలేదు, పక్క మిషను పిల్ల కూడా.

ఈరోజు మిషన్లు ఎంత హోరెత్తుతున్నా ఆమె పెదవులు కదలడం లేదు. పక్క మిషను పిల్ల పెదవులు కదులుతున్నాయి.