భావనపాడులో బెల్టు పరీక్ష

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నా పరువు పూర్తిగా పోతుంది. అదీ పొద్దున్నే, భావనపాడులో చేపలు ఎండబెట్టే ఇసుక పక్కన, ఊరంతా పళ్లు తోముకుంటూ చూస్తుండగా పోతుంది.

పలాసలో పదేళ్లు జీడిపిక్కల లారీ నడిపి, నడవలేని పిల్లల్ని బడికి చేర్చే వ్యానుకి కొత్తగా డ్రైవరునయ్యాను. చక్రాల కుర్చీని వ్యానులో ఎలా బిగించాలో నేర్పడానికి ఒకాయన వచ్చాడు. బెల్టులు పెట్టడం చూశాను. తీయడం చూపించే వేళకి టీకి వెళ్లిపోయాను. బస్తాలు కట్టి విప్పినవాడికి ఒకరు చెప్పాలా అని నా పొగరు.

మొదటి రోజు ఎక్కాల్సిన మొదటి పిల్ల నీలవేణి. తొమ్మిదేళ్లుంటాయి. మాట నెమ్మది, ఒక్కో పదం కూడదీసుకుని పలుకుతుంది. కొత్త గౌను వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, తన చక్రాల కుర్చీలో గుమ్మం ముందే ఉంది. వాళ్లమ్మ పోలమ్మే కదలనివ్వలేదు. అంతకుముందు ఆటోలో పంపితే మలుపులో పిల్ల జారిపడిందట.

"నువ్వేటి సెప్పినా నేను పంపను తమ్ముడూ. కుర్సీ బోల్తా పడితే ఎవులు సూత్తారు?"

నీలవేణి మొహం చూసి జాలేసింది. ఆ జాలిలో కాస్త గొప్ప కూడా కలిసింది.

"అప్పా, నేను కూకుని సూపిత్తాను. కదిల్తే పంపొద్దు." మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తాం.

పోలమ్మ కూతుర్ని ఎత్తుకుంది. నేను కుర్చీని వ్యాను నేలకి బిగించి అందులో ఇరుక్కున్నాను. పిల్ల కుర్చీ కదా, బిందెలో గుమ్మడికాయ కూరినట్టుంది. నడుముకో బెల్టు, భుజానికో బెల్టు. చేతికి లారీ అలవాటు పోలేదు, పట్టీ కొస పట్టుకుని బస్తాని బిగించినట్టే నన్ను బిగించుకున్నాను.

"సూడప్పా, కదుల్తన్నానా?"

"నేదు."

"మరి పంపుతావా?"

"ముందు దిగు."

అక్కడే వచ్చింది చిక్కు. బెల్టు ఊడదీసే ఎర్ర మీట నొక్కాను, ఊడలేదు. నవ్వుతూ నొక్కాను, పళ్లు బిగించి నొక్కాను, ఇలవేల్పుని తలుచుకుని నొక్కాను.

"ఏటైంది తమ్ముడూ?"

"ఏటీ నేదప్పా. గాలి బాగుందని కూకున్నాను."

ఇంతలో ఫోను మోగింది. టెక్కలిలో వ్యాను కోసం చూస్తున్న మిగతా పిల్లల తల్లులే అయ్యుంటారు. ఫోను జేబులో, జేబు బెల్టు కింద. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు లేచొచ్చి నా సంకల కింద చేతులేసి లాగారు. చొక్కా వచ్చింది, నేను రాలేదు.

"బావా, కత్తి తేనా?" అన్నాడొకడు.

"వద్దు మావా. బెల్టు కోసేత్తే పాప ఎలాగెల్తాది?" అన్నాను.

ఆ మాటకి నీలవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. నా గొప్ప కోసం ఆ పిల్ల బడి చెడగొట్టాను.

తలా ఒక సలహా అరుస్తున్నారు. ఆ గోలలో నీలవేణి కూడా ఏదో అంటోంది, ఎవరికీ పట్టలేదు. చివరికి పోలమ్మే కసిరింది. "ఉండండర్రా, పిల్లేదో సెప్తంది."

"పొట్ట..." అంది నీలవేణి. "లోపలికి... లాగు."

భయంతో ఊపిరి బిగబట్టి, పొట్ట ఉబ్బించి కూర్చున్నానని అప్పుడు తెలిసింది. లోపలికి లాగాను. బెల్టు వదులైంది. మీట నొక్కితే టక్కున ఊడింది.

చొక్కా లేకుండా, తలొంచుకుని దిగాను. ఇంక ఈవిడ జన్మలో పంపదనుకున్నాను. పోలమ్మ కాసేపు బెల్టుని చూసింది, కాసేపు నన్ను చూసింది.

"నలుగురు మగోళ్లు లాగినా నువ్వు ఊడిరానేదు. ఇంక నా కూతురేటి పడతాది? ఎక్కించు. నువ్వు ముందు సొక్కా ఏసుకో."

ఆ రోజే సముద్రం వైపు తిరిగి, చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ప్రాణం పోయినా ఇంకొకరి కుర్చీలో కూర్చోను. కూర్చోక తప్పదంటే, ఎలా దిగాలో ముందు ఆ కుర్చీ యజమానురాలినే అడుగుతాను.