రాయమల్లు కాక ఎర్రజెండా

రాయమల్లు కాకను చేతిలో ఎర్రజెండా లేకుండా చూసినవాళ్లు మా గోదావరిఖని కాలనీలో ఎవరూ లేరు. ఓపెన్‌కాస్ట్ గనిలో బండ పేల్చే ముందు జెండా చూపి, ఈల వేసి జనాన్ని ఆపడం ముప్పై ఏళ్లు ఆయన డ్యూటీ. రిటైరై ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

ఇంట్లో భార్య సారవ్వ పొయ్యి మీద కుక్కర్ పెడితే చాలు, వంటింటి గుమ్మంలో జెండాతో నిలబడతాడు.

"జరుగు. పప్పు మాడుతది," అంటుంది సారవ్వ.

"మాడనీ. మూడు ఈలలు కానీయ్, అప్పుడు పో."

పక్క క్వార్టర్ మాది. నేను గనిలో డంపర్ లారీ నడుపుతాను. ఎండలకు భయపడి వేసవంతా నైట్ షిఫ్టే అడిగి వేయించుకున్నాను. తీరా పగలు పడుకుందామంటే కిటికీ అవతల పిల్లల క్రికెట్టు, ఉల్లిగడ్డ ఆటో మైకు. మార్చిలో ఒక తెల్లవారుజామున స్టీరింగ్ మీదే కునుకు పట్టింది. దారి అంచున మట్టికట్ట అడ్డం లేకపోతే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. ఆ సంగతి మా ఆవిడ మమతకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్‌లో మా కిటికీ అవతల ఎండుటాకుల్లో ఒక పిట్ట రెండు గుడ్లు పెట్టింది. గూడూ గీడూ లేదు, వట్టి నేల మీదే. పిట్టదీ ఎండుటాకు రంగే, తొక్కబోయేదాకా కదలదు. పగలంతా కళ్లు మూసుకుని, చీకటి పడ్డాక పురుగుల వేటకు లేస్తుంది. కాక దానికి నైట్ షిఫ్టు పిట్ట అని పేరు పెట్టి, చుట్టూ నాలుగు జెండాలు పాతాడు. పిల్లల్ని తరిమాడు. ఉల్లిగడ్డ ఆటోకు ఎదురెళ్లి ఈల వేశాడు.

"ఏంది కాక, బ్లాస్టింగా?"

"పిట్ట పండుకున్నది. రాత్రంత డ్యూటీ చేసొచ్చింది. మైకు బందు పెట్టు."

"మరి ఉల్లిగడ్డలెట్ల అమ్మాలె?"

"ఇంటింటికి పోయి మెల్లగ చెప్పు."

పాపం, ఆ అబ్బి నిజంగానే గడపగడపకూ వచ్చి, పెళ్లికి పిలిచినట్టు మర్యాదగా చెప్పి అమ్ముకున్నాడు. పిట్ట పుణ్యమా అని నేను ఒళ్లెరగకుండా నిద్రపోయాను. మే పోయింది, జూన్ పోయింది, జెండాలు అలాగే ఉన్నాయి. ఇదేం పిట్టరా, పొదుగుతూనే ఉందని నవ్వుకున్నానే గానీ నా మట్టిబుర్రకు ఇంకేమీ తట్టలేదు.

జూలై నుంచి మళ్లీ వారానికో షిఫ్టు; ముందు మధ్యాహ్నం ఎక్కే సెకండ్ షిఫ్టు పడింది. మొదటి రోజు పొద్దున కిటికీ తీస్తే జెండాలు లేవు. సరిగ్గా ఆ చోటే పిల్లలు వికెట్లు పాతారు. కాక అంపైరింగ్ చేస్తున్నాడు.

"కాక, పిట్ట ఏది?"

"పిల్లలను తీస్కొని మే నెలల్నే పాయె."

"మరి జెండాలు?"

కాక బంతి మీది నుంచి చూపు తిప్పలేదు. "నీకు స్టీరింగ్ మీద నిద్రవట్టిందని మమత ఏడ్చింది. మనిషి పండుకున్నడు, లొల్లి ఆపుండ్రి అంటె ఎవరింటరు బిడ్డా? పిట్ట అంటె అందరు ఆగిన్రు."

ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

"మళ్ల నైట్ షిఫ్టు ఎప్పుడు?" అన్నాడు.

"సోమవారం నుంచి."

కాక పిల్లల వైపు తిరిగి ఈల వేశాడు. "ఆదివారం దాకనే ఆట. సోమవారం పిట్ట గుడ్లు పెడ్తది."