ఆశన్న పట్టుకోని చెయ్యి

ఎల్లారెడ్డి బస్టాండు నుంచి పాత బజారు వైపు తిరిగితే, ఎరువుల దుకాణానికీ సైకిల్ షాపుకూ నడుమ ఒక రేకుల షెడ్డు కనబడుతుంది. దానికి బోర్డు లేదు. బోర్డు ఒకటి ఉండాలని వడ్ల ఆశన్నకు ఏనాడూ తోచలేదు. ఒకప్పుడు ఆ షెడ్డులో ఎడ్ల బండ్లు, నాగళ్లు తయారయ్యేవి. ట్రాక్టర్లు వచ్చాక బండ్లు పోయాయి, తలుపులూ కిటికీలూ కామారెడ్డి మిషన్ల పాలయ్యాయి. ఇప్పుడు ఆశన్నకు మిగిలిన పనల్లా పిడులే. గొడ్డలి కామ విరిగినా, పార కర్ర వదులైనా, కొడవలి పిడి చీలినా జనం ఆ షెడ్డుకే వస్తారు.

వచ్చినవాడు పనిముట్టు చేతికిస్తే ఆశన్న తీసుకొని పక్కన పెట్టేస్తాడు. దాని మొహం కూడా చూడడు. "ఇది కాదు, చెయ్యి తే" అంటాడు. ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకొని బొటనవేలి మొదలు నుంచి ఒక్కొక్క వేలి చివర దాకా నొక్కి చూస్తాడు. వేళ్లు ముడిపిస్తాడు, మళ్లీ తెరిపిస్తాడు. "నీ కన్న నీ చెయ్యే నయం, అదన్న జర పని చేస్తది" అని ఒక విసురు విసురుతాడు. ఆ తర్వాతే కట్టె ముట్టుకుంటాడు. తండ్రి అలాగే చేసేవాడు, తనూ అలాగే చేస్తాడు. వెనక వీధి అన్వరి బేగం రొట్టెల కర్ర కోసం వచ్చినప్పుడు కూడా నవ్వుకుంటూ చెయ్యి చాపింది. టేపు పెట్టి కొలవరాదా అని అడిగినవాళ్లకు మాత్రం ఆశన్న మంచి మాట చెప్పి పంపడు. కట్టె పొడుగు టేపుకు దొరుకుతుందేమో గాని, ఏ చోట ఒత్తితే మనిషికి నొస్తుందో దానికేం తెలుసు?

ఆశన్నకు ఒక్కతే బిడ్డ, సుష్మిత. గురుకులంలో చదువుకునే రోజుల్లో విలువిద్య పట్టుకుంది. నేర్పినవాడు ఫరీద్ సార్. బడి అయిపోయాక కూడా వదల్లేదు. కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ, ఆదివారం ఆదివారం అక్కడి మైదానంలో సార్ ముందు నిలబడేది. అందరికీ మెరిసే విల్లులు ఎక్కడివి? ఆమెది వెదురు విల్లు, నడుమ చెక్క పిడి. కొన్నప్పుడు ఆ పిడి పహిల్వాన్ పట్టుకోవడానికి చేసినంత లావుగా ఉండేది. ఆశన్న బిడ్డ ఎడమ చెయ్యిని సాయంత్రమంతా తన చేతుల్లో పెట్టుకొని, చూసి, చెక్కి, మళ్లీ చూసి ఆ పిడిని ఆమెకు సరిచేశాడు. నాలుగు వేళ్లకు నాలుగు పల్లాలు తీశాడు. ఫరీద్ సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆశన్నా, విల్లు లెక్క లేదిది. నువ్వే పోయి బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టున్నది" అన్నాడు. ఆ మాట ఆశన్న ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్క లేదు. అడిగినవాళ్లకు చెప్పాడు, అడగనివాళ్లను ఆపి మరీ చెప్పాడు.

నిరుడు మక్కజొన్న కంకులు మిషన్ పట్టే కాలంలో సుష్మిత మేనమామ చేను దగ్గరికి సాయం పోయింది. మిషన్ నోట్లో కంకి ఇరుక్కుంది. ఆమె చెయ్యి పెట్టింది. తప్పెవరిదని అడిగితే చెప్పడానికి ఎవరూ లేరు. రెప్పపాటులో అయిపోయింది. ఎడమ చేతి చిటికెన వేలూ, ఉంగరపు వేలూ పోయాయి. వాటితోపాటు అరచేతి అంచు కొంత పోయింది.

కబురు అంది ఆశన్న కామారెడ్డి ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఇంకా కట్టు కట్టలేదు. ఆ చేతిని అప్పుడు ఒక్కసారి చూశాడు. మళ్లీ చూడలేదు.

చూడకుండా ఉండటానికి ఆ మనిషి ఎన్ని దారులు వెతుక్కున్నాడో చెబితే నవ్వొస్తుంది గాని, నవ్వే సంగతి కాదు. కట్టు మార్చే వేళకు చాయ్ తాగొస్తానని బయటికి పోయేవాడు. అన్నం దగ్గర బిడ్డకు కుడి పక్కనే కూర్చునేవాడు. గాయం మాని కట్టు విప్పిన రోజు తన భుజం మీది దస్తీ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "బస్సుల నలుగురు చూస్తరు, చుట్టుకో బిడ్డా" అన్నాడు. ఆ రోజు నుంచి సుష్మిత ఎడమ చేతికి దస్తీ లేకుండా ఎవరికీ కనబడలేదు. ఒంటి చేత్తో ముడి పడదు కాబట్టి కొసను పళ్లతో పట్టి బిగించుకునేది. షెడ్డుకు వచ్చినవాళ్లు అడిగితే ఆశన్న, "చిన్న దెబ్బనే, మానింది" అని మాట మార్చేవాడు. అంత ప్రేమ ఉన్న మనిషికి ఆ మాత్రం ధైర్యం లేకపోయింది.

వాన కాలం పోయాక సుష్మిత మళ్లీ కామారెడ్డి మైదానానికి పోయింది. రాసుకోవడానికి కుడి చెయ్యి ఉంది, చదువు ఆగలేదు. కాని విల్లు పట్టేది ఎడమ చేత్తోనే. నారి లాగగానే విల్లు చేతిలో తిరిగిపోతోంది. గాయం మానిన చోట పిడి ఒత్తుకొని ప్రాణం పోతోంది. ఫరీద్ సార్ చూసి, "గురి యాడికి పోలేదు బేటీ, పిడే నీది కాకుంట పోయింది. మీ బాపుతోని మల్ల చేయించుకో" అన్నాడు. జిల్లా ఎంపికలు దగ్గరికొచ్చాయి. అది తప్పితే ఆమెకు జూనియర్ల వయసు దాటిపోతుంది. తర్వాత పెద్దవాళ్లతో పోటీ పడాలి. ఈ చేత్తో, ఈ వెదురు విల్లుతో అది జరిగే పని కాదని ఆమెకూ సార్‌కూ తెలుసు.

సుష్మిత విల్లు తెచ్చి షెడ్డులో పని బల్ల మీద పెట్టింది. సంగతి చెప్పింది.

"సరే, పెట్టి పో. చేసి పెడ్త" అన్నాడు ఆశన్న, ఉలి నూరుకుంటూ.

ఆమె పోలేదు. దస్తీ ముడి మీద కుడి చెయ్యి వేసుకొని కొంతసేపు అక్కడే నిలబడింది. ఎవరు వచ్చినా ముందు వినబడే ఆ మాట కోసం చూసింది. ఆశన్న తలెత్తలేదు. ఆమె మెల్లగా ఇంటికి పోయింది.

ఆశన్న ఆ పని మనసు పెట్టి చేశాడు. అది మాత్రం అబద్ధం కాదు. పాత పిడి ఊడదీసి కొత్త టేకు ముక్క తెచ్చి, బిడ్డ చెయ్యి తనకు కొత్తా అనుకుంటూ చెక్కాడు. ఆకురాయితో రుద్ది, గరుకు కాగితం పట్టి, నూనె పూసి నిగనిగలాడించాడు. అది పాత దానికంటే కొంచెం సన్నం, కొంచెం నున్నన. సుష్మిత దాన్ని చేతిలోకి తీసుకుంది. బొటనవేలు కాక మిగిలిన రెండు వేళ్లూ వాటి చోట్లో కుదురుకున్నాయి. కింద రెండు పల్లాలు ఖాళీగా మిగిలాయి. వాటి మీద ఆమె కుడి చేతి చూపుడు వేలు ఒకసారి పోనిచ్చింది.

"మంచిగుంది బాపు" అంది.

ఆదివారం విల్లు తీసుకొని కామారెడ్డికి పోయింది. వచ్చాక నారి విప్పేసి విల్లును గోడ మేకుకు తగిలించింది. పై ఆదివారం పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే తల నొస్తోందంది. ఆ తర్వాత ఆదివారానికి ఆ సాకు కూడా చెప్పలేదు.

తల్లి రామవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో ఆకూ తంబాకూ. మాట్లాడుతున్నా, పోట్లాడుతున్నా ఆమె వేళ్లు ఆగవు. ఆ రోజు పొద్దు వాలే వేళ ఆమె వేళ్లు ఆగాయి.

"పిడికి ఎన్ని వేళ్లు చేసినవ్?" అని అడిగింది.

ఆశన్నకు అర్థం కాలేదు. "ఎన్నేంది? చేతికి ఎన్నుంటే అన్ని."

"పోయి చూడు."

మేకు మీది విల్లు తీసి చూశాడు. పిడి మీద నాలుగు పల్లాలున్నాయి. తను తీసినవే, నిగనిగలాడుతున్నాయి. కావాలని చేసింది కాదు. చేసేటప్పుడు తెలియను కూడా తెలియలేదు. లేని చేతికి కొలత పెట్టి పిడి చేశానని అప్పుడు తెలిసింది. ఆ పిడి పట్టుకొని బిడ్డ మైదానంలో అందరి మధ్య నిలబడి ఉంటుంది.

"ఊరందరి చేతులు పట్టుకుంటవ్" అంది రామవ్వ. గొంతు పెంచలేదు. "తెలిసినోడా, తెల్వనోడా చూడవు. కడుపుల పుట్టిన బిడ్డ చెయ్యి ఒక్కనాడు పట్టుకోలె. అది ఏమనుకుంటుందో ఎరికేనా నీకు? నా చెయ్యి చూస్తె బాపుకు రోత అయితుందే అవ్వా అన్నది నాతోని."

ఆశన్న గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. రోత. ఆ మాట ఎవరైనా పరాయివాడు అని ఉంటే ఉలితో సమాధానం చెప్పేవాడు. తన బిడ్డ తన గురించి ఇన్ని నెలలు అదే నమ్ముకొని, అదే దస్తీలో చుట్టుకొని తిరిగింది. చూడలేకపోవడం వేరు, చూడబుద్ధి కాకపోవడం వేరు అని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాడు చాయ్ తాగడానికి పోయేవాడు గదా.

తెల్లారి విల్లు భుజాన వేసుకొని, "సుష్మితా, షెడ్డుకు రా బిడ్డా, పనున్నది" అని ముందు నడిచాడు. ఆమె వచ్చి పని బల్ల పక్కన నిలబడింది. ఆశన్న పీట లాగి కూర్చోబెట్టాడు. తను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"చెయ్యి తే" అన్నాడు.

సుష్మిత కుడి చెయ్యి చాపింది.

"అది కాదు బిడ్డా."

ఆమె ఎడమ చెయ్యి ఒళ్లో దాచుకుంది. ఆశన్నే వంగి ఎడమ చెయ్యి అందుకున్నాడు. దస్తీది పళ్లతో బిగించిన ముడి, తొందరగా ఊడలేదు. విప్పాడు. వేళ్లు పోయిన చోట చర్మం ఎర్రగా మెరుస్తూ ముడుచుకొని ఉంది. అరచేతి అంచున మచ్చ ఒకటి మణికట్టు దాకా వంకరగా దిగింది. ఆశన్న చూశాడు. ఈసారి కళ్లు తిప్పుకోలేదు. కళ్లలో నీళ్లు నిండి చెయ్యి అలుక్కుపోతే భుజంతో తుడుచుకొని మళ్లీ చూశాడు. తర్వాత అందరి చేతులూ చూసినట్టే బొటనవేలి మొదలు నుంచి నొక్కుతూ వచ్చాడు.

"ఈడ నొస్తదా?"

"లేదు."

"ఈడ?"

"ఇంక జర కిందికి."

మచ్చ మొదలులో వేలు ఆనించాడు. ఆమె చెయ్యి అదిరింది.

"గింత నొస్తుంటే మొదలే చెప్పొద్దా బిడ్డా?"

"నువ్వు అడగలె గద బాపు" అంది సుష్మిత. అని ఏడ్చింది. మిషన్ దగ్గర, ఆసుపత్రిలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆశన్న ఆ చెయ్యి వదల్లేదు. "నాకు రోత కాదు బిడ్డా. భయమైంది. నిన్ను చూసుడు చాతకాలె" అన్నాడు.

ఆ రోజు షెడ్డుకు వచ్చినవాళ్లనందరినీ రేపు రమ్మన్నాడు. పిడిని కొంచెం చెక్కడం, ఆమె చేతికిచ్చి పట్టించడం, మళ్లీ చెక్కడం. కింది రెండు పల్లాలూ చెక్కేసి అక్కడ కట్టె సన్నం చేశాడు. మచ్చకు ఏదీ ఆనకుండా ఒక గుంట తీశాడు. విల్లు తిరిగిపోకుండా బొటనవేలి మొదట్లో టేకు పలక అతికించి మెత్తగా గుండ్రం చేశాడు. అయిపోయాక చూస్తే అది వంకర టింకరగా, ఎవడో చేతకానివాడు చేసినట్టుగా ఉంది. సుష్మిత దాన్ని పట్టుకొని చెయ్యి చాచింది. విల్లు కదల్లేదు.

ఎంపికల రోజు ఆశన్న షెడ్డు మూసేసి బిడ్డతో కామారెడ్డి బస్సెక్కాడు. మైదానం అంచున, చిన్న నీడ పట్టులో కూర్చున్నాడు. సుష్మిత దస్తీ విప్పి సంచిలో పెట్టి, అందరితో పాటు గీత మీద నిలబడింది. మొదటి బాణాలు అటూ ఇటూ పోయాయి. ఆశన్నకు లెక్కలు తెలియవు. ఆయన గురి పలకను చూడలేదు. ఆమె ఎడమ చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆ చెయ్యి కుదురుకుంది. సుష్మితకు మొదటి స్థానమేం రాలేదు. ఎంపికైన అమ్మాయిల్లో అందరికంటే ఆఖరున ఫరీద్ సార్ ఆమె పేరు పిలిచాడు.

మంచినీళ్లు తాగడానికి సుష్మిత అటు పోయినప్పుడు, వినీత అనే అమ్మాయి, ఆమెతో పాటు ఎంపికైనదే, ఆశన్న పక్కన గోడకు ఆనించిన విల్లు తీసి పట్టి చూసింది. చేతిలో అటూ ఇటూ తిప్పుకుంది.

"ఇదేంది కాకా, పిడి గిట్ల వంకరగున్నది? చెయ్యి పడ్తనే లేదు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

ఆశన్న లేచి నిలబడ్డాడు.

"నీకు పట్టదమ్మా. మా బిడ్డకు ఎడమ చేతికి రెండు వేళ్లు లెవ్వు. మిషన్ల పొయినయి. ఆ చేతికి చేసిన పిడి అది" అన్నాడు. అందరికీ వినబడేటట్టే అన్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

నీళ్ల దగ్గర నుంచి వస్తున్న సుష్మిత అక్కడే ఆగింది. వినీత విల్లు జాగ్రత్తగా గోడకు ఆనించింది. సుష్మిత వచ్చి, సంచిలోంచి దస్తీ తీసి ఎడమ చేత్తో తండ్రికి అందించింది.

"ముఖం తుడుచుకో బాపు" అంది. "బస్సుకు పోదాం."